తూకం తగ్గిన పిండి డబ్బా

స్కూల్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర బెన్ని చపాతీ ముక్క తుంచి, పప్పులో ముంచి, నోట్లో పెట్టుకున్నాడు.

"దూదిలా ఉందే ఆమనీ! నిన్న పట్టించిన పిండి. పిండి మర దగ్గర మీ ముందు మేమే కదా, గుర్తుందా?"

ఆమని చేతిలో పెరుగన్నం ముద్ద అలాగే ఆగిపోయింది.

"మీరు పట్టించింది జొన్నలు కదరా?"

"జొన్నలా? మా నాన్న జొన్నరొట్టె చూస్తే కంచం వదిలి లేచిపోతాడు. గోధుమలే."

"నేను చూసా. మీ సంచి దగ్గర జొన్నలు రాలి ఉన్నాయి."

"అవి ఇంకెవరివో. మావి గోధుమలంటే గోధుమలే. కావాలంటే తిని చూడు!"

బెన్ని నవ్వుతూ చపాతీ ముందుకు చాపాడు. ఆమని దాన్ని పాముని చూసినట్టు చూసింది.

గోధుమలు.

ఆ గోధుమ పిండి ఇప్పుడు అన్నయ్య టిఫిన్ బాక్సులో ఉంది. అన్నయ్య నందిగామలో ఉన్నాడు.

ఆమని బాక్సు మూత పెట్టేసింది.

ఆమని అన్నయ్య పేరు గిరీష్. ఇంటర్ రెండో సంవత్సరం. పోయినేడాది వాడికి కడుపునొప్పి మొదలైంది. అందరూ బయట తిళ్ళ వల్లే అనుకున్నారు. తర్వాత సన్నబడ్డాడు. తర్వాత ఒకరోజు బాత్రూములోంచి బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. లోపల రక్తం.

విజయవాడ తీసుకెళ్తుంటే కంచికచర్ల దగ్గర బస్సుల మధ్య కారు ఇరుక్కుపోయింది. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని అన్నయ్య మెలికలు తిరిగిపోతున్నాడు. ముందు సీట్లోంచి ఆమని వెనక్కి తిరిగింది.

"ఆమనీ, ఇటు చూడకు," అన్నాడు అన్నయ్య.

ఆ మాట ఆమనికి ఇప్పటికీ కలలో వినిపిస్తుంది.

పేగుల్లో వాపు, పుండ్లు వచ్చే జబ్బు అని పెద్ద డాక్టరుగారు చెప్పారు. పేరు క్రోన్స్. మందులు క్రమం తప్పకుండా వాడాలి, మానకూడదు. దానికి తోడు, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం గిరీష్‌కి పడదని కూడా టెస్టుల్లో తేలింది. చపాతీ వద్దు, పూరీ వద్దు, బేకరీ బన్ను వద్దు.

"పిండి నలుసు కూడా తగలకూడదమ్మా," అన్నారు డాక్టరుగారు. ఆ మాట అమ్మ మనసులో రాయి మీద చెక్కినట్టు పడిపోయింది.

అన్నం తినొచ్చు, తింటాడు. కానీ అన్నయ్యకి బ్రెడ్డంటే ప్రాణం. ఆస్పత్రిలో పక్క మంచం అబ్బాయి టోస్టు తింటుంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది అమ్మ చూసింది.

ఇంటికొచ్చాక అమ్మ బియ్యప్పిండి, సగ్గుబియ్యం పిండి, పెరుగు, ఈస్టు, కాస్త ఇసబ్‌గోల్ కలిపి కుక్కర్లో అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి బ్రెడ్డు కాల్చడం మొదలుపెట్టింది. మొదటిసారి ఇటుకలా వచ్చింది. రెండోసారి జావలా వచ్చింది. దాన్ని నాన్న గరిటెతో తిని, "రుచి బానే ఉంది, పేరే మార్చాలి," అన్నాడు. అలా చెయ్యగా చెయ్యగా, ముక్కలు కొయ్యగలిగే బ్రెడ్డు తయారైంది.

దానికో రూలుంది. పిండి మరకి రెండు సంచుల బియ్యం వెళ్ళాలి. చిన్న సంచి ముందు పోయాలి. మర రాళ్ళ మధ్య అంతకుముందు వాళ్ళ పిండి ఏది మిగిలినా ఈ బియ్యం దాన్ని ఊడ్చుకుని వస్తుంది. ఆ మొదటి పిండి వేరే కవర్లో పట్టుకోవాలి. అది ఎదురింటి ఆదెమ్మ గేదెకి. తర్వాత పోసిన పెద్ద సంచి పిండి ఒక్కటే అన్నయ్య డబ్బాలోకి.

నిన్న ఆమని రూలు ప్రకారమే చేసింది. పట్టించడం వరకూ.

షటిల్ ఆటకి టైమైపోతోందని, డబ్బాని సైకిల్ వెనక తాడుతో కట్టకుండా హ్యాండిల్‌కి తగిలించింది. మలుపులో డబ్బా జారింది. మూత ఎగిరిపోయింది. సగం పిండి మట్టిలో కలిసింది.

డబ్బా సగం వెలితిగా ఉంది. అమ్మ బియ్యం కడిగి, నీడలో ఆరబెట్టి, ఏరి పంపింది. ఇప్పుడేం చెప్పాలి?

ఆమని కిరాణా కొట్టు పిల్ల. జగ్గయ్యపేట బజార్లో వాళ్ళ కొట్టు. కాటా మీద సరుకు తగ్గితే నాన్న ఏం చేస్తాడో పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. గుప్పెడు వేస్తాడు. ఇంకా తగ్గితే ఇంకో గుప్పెడు. తూకం సరిపోతుంది, మనిషి వెళ్ళిపోతాడు.

సంచిలో గేదె కవరుంది. ముందు వాళ్ళవి జొన్నలే కదా, జొన్నలు అన్నయ్య తింటాడు కదా అనుకుంది. గుప్పెడు వేసింది. ఇంకో గుప్పెడు వేసింది. చివరికి కవరు మొత్తం దులిపేసింది.

తూకం సరిపోయింది.

పొద్దున అమ్మ కుక్కర్ మూత తీసి కేకేసింది. "చూడండీ, ఎంత బాగా పొంగిందో! ఇన్నాళ్ళకి కుదిరింది నాకు!"

అన్నయ్య ముక్కని నొక్కి చూసి, "అమ్మా, స్పాంజి!" అన్నాడు. ఆమని కూడా చప్పట్లు కొట్టింది.

ఎందుకు పొంగిందో ఇప్పుడర్థమైంది.

ఇల్లు దగ్గరున్న పిల్లలు భోజనానికి ఇంటికెళ్ళొస్తారు కాబట్టి స్కూలు గేటు తీసే ఉంది. ఆమని బ్యాగు తగిలించుకుని నడిచింది. గేటు దాటాక పరిగెత్తింది.

అన్నయ్యకి ఇవాళ ప్రాక్టికల్ పరీక్ష. సెంటర్ నందిగామలో పడింది. రెండు గంటలకి లోపలికి వెళ్ళాలి. దానికి ముందు తిని మాత్ర వేసుకోవాలి. జబ్బు వచ్చాక ఒంటరిగా బస్సెక్కడం ఇదే మొదటిసారి.

"నేను దిగబెడతాను రా," అని నాన్న అంటే, "నేనేమన్నా చిన్నపిల్లాడినా నాన్నా?" అన్నాడు. పరీక్షకి తేవద్దన్నారని ఫోను కూడా ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు.

పరీక్ష మధ్యలో నొప్పి మొదలైతే? అక్కడెవరూ తెలియదు. "ఇటు చూడకు" అని చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు.

అమ్మ చందర్లపాడులో పిన్ని వాళ్ళింటికి వెళ్ళింది. ఇంటికి తాళం. మిగిలింది నాన్న ఒక్కడే.

ఆమని రొప్పుతూ కొట్టు మెట్ల దగ్గరికి వచ్చేసరికి లోపల గొడవ జరుగుతోంది.

"కందిపప్పు తూకం తగ్గింది భాస్కర్‌గారూ. మా ఇంట్లో తూచాం," అంటున్నాడు ఒక పెద్దాయన.

నాన్న మొహం ఎర్రబడింది. "తెచ్చి చూపించండి. మా తాత అచ్చయ్యగారి రోజుల నుంచీ ఈ కొట్లో తూకం తగ్గిందన్న మాట లేదు. తూకంలో మోసం చేసినవాడు నా కొడుకైనా సరే, ఈ గడప తొక్కనివ్వను!"

ఆమని మెట్టు మీదే ఆగిపోయింది.

నాన్న ఆమనిని చూశాడు. "ఏంటమ్మా, ఇప్పుడొచ్చావ్? బాక్సు తీసుకెళ్ళావుగా?"

చెప్పెయ్. ఇప్పుడే చెప్పెయ్.

"అరటిపళ్ళు కావాలి నాన్నా."

"తీసుకో. ఎండలో పరిగెత్తకు."

ఆమని గెలలోంచి పళ్ళు కోసుకుని బ్యాగులో వేసుకుంది. ఇప్పుడు దాని బుర్రలో ఒకటే ఆలోచన. నందిగామ వెళ్ళాలి. బాక్సు లాక్కోవాలి. అరటిపళ్ళు ఇవ్వాలి. సాయంత్రం లోపల వచ్చెయ్యాలి. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు.

బస్టాండులో విజయవాడ బస్సు కదలబోతోంది. ఎక్కేసింది.

"ఎవరితో వచ్చావమ్మా?" అన్నాడు కండక్టరు.

"అమ్మ వెనక సీట్లో ఉందండి."

"ఫ్రీ టికెట్‌కి ఆధార్ కార్డు?"

"అమ్మ దగ్గరే ఉందండి."

బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు వెనక్కి చూసి, అంత జనాన్ని చూసి, ముందు వాళ్ళ సంగతి చూడటానికి వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ ఇటు వస్తాడేమోనని ఆమని సీటు అంచున ముడుచుకుని కూర్చుంది. బస్సులో ఒక్కతే ఎప్పుడూ కూర్చోలేదు. కిటికీలోంచి అన్నీ తెలిసిన ఊళ్ళే వెళ్తున్నాయి. కానీ పక్కన అమ్మ లేకపోతే అవి ఇంకెవరి ఊళ్ళో అయిపోయాయి.

చిల్లకల్లు దాటాక బస్సు మెల్లగా అయింది. ఇంకా మెల్లగా అయింది. ఆగిపోయింది.

ముందు లారీలు. లారీల ముందు ఇంకా లారీలు.

"మిరపకాయల లారీ బోల్తా పడిందంట," అన్నాడు ఎవరో. "బస్తాలన్నీ పగిలి రోడ్డు మీదే."

మాట పూర్తి కాకముందే ఘాటు వచ్చేసింది. బస్సంతా దగ్గులు, తుమ్ములు. కిటికీ అద్దాలు ధడధడా మూశారు. ఉక్కపోతలో పసిపిల్ల ఒకతి గుక్కపట్టి ఏడుస్తోంది.

ఆమని పక్క సీట్లో ఉన్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఆంటీ, టైమెంతయింది?"

"ఒకటిన్నర దగ్గర పడుతోంది బిడ్డా."

అన్నయ్య కాలేజీ గేటు దగ్గర కూర్చుని ఉంటాడు. బ్యాగు జిప్పు తీస్తూ ఉంటాడు. బాక్సు మూత మీద చెయ్యి వేసి ఉంటాడు.

ఆమని లేచింది. జనంలోంచి దూరి ఫుట్‌బోర్డు మీదికి వచ్చింది. నడిచైనా వెళ్ళాలి. కాలు కిందపెట్టబోతుంటే, పక్కనున్న మట్టి దారిలోంచి ఒక లారీ హారన్ కొడుతూ దూసుకొచ్చింది. వేడిగాలి మొహానికి కొట్టింది.

వెనక నుంచి ఎవరో బ్యాగు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. ఆమని బస్సులో వెల్లకిలా పడింది.

"సచ్చిపోదువు కదనే!" పక్కసీటావిడే. ఆవిడ ఇంకా బ్యాగు వదల్లేదు. "ఏడికి ఉరుకుతున్నవ్? మీ అమ్మేది?"

"అమ్మ లేదు," అంది ఆమని. "అబద్ధం చెప్పా."

అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే బ్రెడ్డన్నది, అన్నయ్యన్నది, గేదె కవరన్నది. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆవిడ పేరు దేవమణి. గరికపాడు అవతల తల్లిగారింటి నుంచి కంచికచర్ల వెళ్తోంది.

"ఇగో, ఏడుపు ఆపు. నాన్న నంబర్ తెలుసా?"

తెలుసు. కొట్టు బోర్డు మీద ఉంది. నడక రాకముందు నుంచీ చూస్తున్న నంబరు.

దేవమణి ఫోను చేతిలో పెట్టింది. ఆమని దాన్ని పట్టుకుని కూర్చుంది. నొక్కితే నాన్నకి తెలిసిపోతుంది. తూకంలో మోసం చేసినవాడు నా కొడుకైనా సరే. కూతురైతే?

నొక్కకపోతే అన్నయ్య తినేస్తాడు.

నొక్కింది.

"చెప్పండి, భాస్కర్ కిరాణా," అంది నాన్న గొంతు. వెనకాల కాటా కీచుమంది.

"నాన్నా, నేనే."

"ఆమనీ? ఇదెవరి ఫోను? స్కూల్లో లేవా?"

"నాన్నా, అన్నయ్య ఆ బ్రెడ్డు తినకూడదు. అందులో గోధుమ ఉంది."

"ఏంటి?"

"నిన్న పిండి కింద పడిపోయింది. తూకం తగ్గిందని గేదె కవర్లోది కలిపేసా. జొన్నలనుకున్నా. బెన్నీ వాళ్ళవి గోధుమలంట. నేనే కలిపా నాన్నా. నేనే."

అవతల కాటా కీచుమనడం ఆగిపోయింది. బస్సులో దగ్గేవాళ్ళు కూడా దగ్గడం ఆపినట్టనిపించింది. కండక్టరు వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"ఇప్పుడెక్కడున్నావ్?" నాన్న గొంతు నాన్నదిలా లేదు.

"బస్సులో. చిల్లకల్లు దాటాక. ట్రాఫిక్ జామ్."

"ఒక్కదానివేనా?"

"ఊఁ."

"పక్కన ఎవరున్నారో వాళ్ళకి ఫోనివ్వు. నేను వచ్చేదాకా ఆ బస్సు దిగకు. అర్థమైందా? దిగకు."

దేవమణి "అట్లనే అన్నా, నా పక్కనే కూసోబెట్టుకుంట," అని ఫోను పెట్టేసింది. తర్వాత కొంగు తీసి ఆమని చుట్టూ కప్పి, జారిపోకుండా గట్టిగా పట్టుకుంది.

కండక్టరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నాకు చెప్తే ఇందాకే ఫోన్ చేసేవాడిని కదమ్మా," అన్నాడు. తిట్టలేదు. తిడితే బావుండేది.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. అదే భయంగా ఉంది. ఫోను మోగదు. లారీలు కదలవు. మిరప ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. ఏది ఏడుపో ఏది ఘాటో తెలియడం లేదు.

దుమ్ములోంచి నాన్న బండి వచ్చింది.

లారీల పక్కనుంచి, మట్టి అంచు మీద నుంచి, ఊగుతూ వచ్చింది. నాన్న చొక్కా మీద కొట్లో అంటిన పసుపు మరకలు అలాగే ఉన్నాయి. బండి దిగి, బస్సెక్కి, ఆమనిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దేవమణికి దణ్ణం పెట్టాడు.

"అనంతపద్మనాభం తాతయ్యకి ఫోన్ చేసా. బయల్దేరాడు," అన్నాడు అంతే.

అనంతపద్మనాభం గారిది నందిగామలో పప్పుల హోల్‌సేల్ కొట్టు. నాన్నకి బాబాయి వరస. ఆయన మోపెడ్ ఎప్పుడు స్టార్టవుతుందో ఆయనకే తెలియదని నాన్న ఎప్పుడూ నవ్వుతాడు. ఇవాళ నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి కాలేజీ గేటు మూసేశారు. పరీక్ష మొదలైంది. వేపచెట్టు నీడలో తాతయ్య చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయన చేతిలో అన్నయ్య టిఫిన్ బాక్సు.

ఆమని అది లాక్కుని మూత తీసింది. ఒక పక్క ఖాళీగా ఉంది. మిగిలిన ముక్కల్లో ఒకదానికి పంటిగాటు.

"వెధవ బండి, ఐదారు తన్నులు తన్నినా కదల్లేదురా భాస్కర్," అన్నాడు తాతయ్య, తలొంచుకుని. "నేను గేటు దగ్గర నుంచే అరుచుకుంటూ వచ్చా. నోట్లోది ఊసేశాడు. కానీ ముందో ముక్క లోపలికి పోయింది. మా ఇంటి పెరుగన్నం పెట్టా. మాత్ర కూడా నా ఎదురుగానే వేసుకున్నాడు."

నాన్న డాక్టరుగారికి ఫోన్ చేశాడు. "కంగారు పడకండి. మందులు ఆపొద్దు. జ్వరం వచ్చినా, రక్తం కనిపించినా వెంటనే తీసుకురండి," అన్నారాయన.

ముగ్గురూ గేటు ఎదుట కూర్చున్నారు. లోపల ఎవరు దగ్గినా ఆమని లేచి నిలబడుతోంది.

"నాన్నా."

"ఊఁ."

"నేను కొట్లోకి రావొచ్చా?"

నాన్నకి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"కొట్టు మెట్ల దగ్గరికి వచ్చావుగా ఇందాక? అప్పుడే చెబుదామనుకున్నావా?"

ఆమని తలూపింది.

"నా అరుపులు విని వెనక్కెళ్ళిపోయావ్."

నాన్న చొక్కా మీది పసుపు గీకుతూ కూర్చున్నాడు. కాసేపటికి, "శనగపప్పు తూకం తగ్గితే ఏం వేస్తాం?" అన్నాడు.

"గుప్పెడు వేస్తాం."

"దేంట్లోంచి?"

"శనగపప్పు బస్తాలోంచే."

"ఆ బస్తా అయిపోతే?"

ఆమని ఆలోచించింది. దీనికి జవాబు కూడా కొట్లో చూసిందే. "ఇంతే ఉందండీ, కావాలా అని అడుగుతాం."

నాన్న ఆమని తలని తన భుజానికి ఆనించుకున్నాడు.

గేటు తెరిచాక అందరికన్నా వెనకగా అన్నయ్య వచ్చాడు. నడుస్తున్నాడు. వంగి లేడు. ఆమని మొహం చూసి ఆగాడు.

"ఏంటే, తాతయ్య చెప్పాడు, నా కోసం హైవే మొత్తం ఆపేశావంట?"

ఆమనికి నవ్వు రాలేదు. "అన్నయ్యా, నొప్పొస్తోందా?"

"ఇప్పటికి లేదు." అన్నయ్య బాక్సులోకి చూశాడు. "అనుకున్నానే. ఇంత మెత్తగా ఉన్నప్పుడే డౌటు రావాల్సింది నాకు."

నొప్పి మర్నాడు వచ్చింది.

అన్నయ్య బాత్రూములోకి వెళ్ళి గడియ వేసుకున్నప్పుడల్లా ఇంట్లో ఎవరి పని వాళ్ళు ఆపేస్తున్నారు. అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడుతోంది. గడియ తీసిన చప్పుడు కాగానే అందరి కళ్ళూ వాడి మొహం మీదే. "రక్తం లేదు," అంటాడు వాడు, అడగకముందే.

నిన్న రాత్రే అమ్మకి అంతా చెప్పింది ఆమని. అమ్మ కుక్కర్ని, ఆ డబ్బాని, గరిటెలని వేడినీళ్ళతో తోమింది. తోముతూ ఏడ్చింది. "పొంగిందని ఎంత సంబరపడ్డానే," అంది. ఆమని పక్కన కూర్చుని గిన్నెలు తుడిచింది. స్కూల్లో ఉషశ్రీ మేడం ముందు నాన్న పక్కన నిలబడి, చెప్పకుండా వెళ్ళిపోయినందుకు సారీ చెప్పింది. అవన్నీ కష్టంగానే ఉన్నాయి. కానీ ఏదీ ఆ గడియ చప్పుడంత కష్టంగా లేదు.

రెండో ప్రాక్టికల్‌కి అన్నయ్య పాలిపోయిన మొహంతో వెళ్ళాడు. ఈసారి నాన్న దిగబెడతానంటే కాదనలేదు. అది చూసి ఆమని తలుపు చాటుకి వెళ్ళిపోయింది. వారం చివరికి నొప్పి తగ్గింది. రక్తపరీక్ష చూసి డాక్టరుగారు, "ఈసారికి గట్టెక్కాం," అన్నారు.

మళ్ళీ ఆదివారం వచ్చింది.

"నేను పట్టించుకొస్తా," అంది ఆమని. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న రెండు సంచులూ ఆమని చేతికిచ్చాడు.

మర దగ్గర బెన్ని ఉన్నాడు. "మా ముందు నువ్వే పట్టించుకో, మాది మళ్ళీ గోధుమే," అని పక్కకి జరిగాడు.

చిన్న సంచి ముందు, పెద్ద సంచి తర్వాత. గేదె కవరు మూతికి ముడి, ముడి మీద ముడి. డబ్బాని సైకిల్ వెనక పెట్టి తాడుతో కడుతోంది. ఇంతలో బస్తా మోసుకొస్తున్న మనిషి మోచెయ్యి తగిలింది. డబ్బా పక్కకి వాలింది.

ఆమని రెండు చేతులతో పట్టుకుంది. అయినా మూత ఊడి కొంత పిండి మర గుమ్మంలో పడింది. తెల్లగా, కుప్పలా.

"పైపైది శుభ్రంగానే ఉందే," అన్నాడు బెన్ని. "ఎత్తి వేసెయ్. ఎవరికి తెలుస్తుంది?"

ఆమని ఒక్క క్షణం ఆ కుప్ప వైపే చూసింది. తర్వాత కిందపడ్డదాన్ని అట్టముక్కతో ఊడ్చి, గేదె కవరు ముడి విప్పి అందులో పోసి, మళ్ళీ ముడి వేసింది. డబ్బా మూత బిగించి, కట్టి, సైకిల్ని నడిపించుకుంటూ వచ్చింది. ఎక్కలేదు.

కొట్లో జనం ఉన్నారు. కందిపప్పు పెద్దాయన కూడా ఉన్నాడు. ఆమని మెట్లెక్కి, డబ్బాని తీసుకెళ్ళి కాటా మీద పెట్టింది. ఎర్ర అంకెలు మెరిశాయి. తగ్గింది. అందరికీ కనిపించేలా తగ్గింది.

"నాన్నా, తూకం తగ్గింది," అంది. పెద్దగానే అంది. "మర గుమ్మంలో పడిపోయింది. ఇందులో ఇంకేం కలపలేదు. ఇంతే ఉంది."

నాన్న అంకెల వైపు చూశాడు. ఆమని వైపు చూశాడు. కందిపప్పు పెద్దాయన ముందుకి వంగి అంకెలు చదివాడు.

నాన్న కొట్టు వెనకున్న ఇంట్లోకి తిరిగి అమ్మని కేకేశాడు. "నీరజా! ఈ వారం బ్రెడ్డు చిన్నది!"

"ఎంత చిన్నది నాన్నా?" లోపల్నుంచి అన్నయ్య.

"నీ ఒక్కడికి సరిపోయేంత!"

ఆమని గేదె కవరు పట్టుకుని, ఆదెమ్మ ఇంటి వైపు రోడ్డు దాటింది.